ఎర్ర సిరా పెన్ను

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో గురువందనం తరువాత చేసిన ప్రసంగం)

నిర్వాహకులు నాకు పది నిమిషాలు ఇచ్చినారు. ముప్పై ఏడేండ్లు బడిలో పనిచేసినవాడికి నలభై అయిదు నిమిషాలకు తక్కువగా మాట్లాడడం చేతకాదు. మన కాలంలో బెల్లు కొట్టిన పెద్దాయన ఇప్పుడు లేడు కాబట్టి కొంచెం ఓర్చుకోండి.

ఆహ్వానపత్రంలో నా పేరు కింద ‘రచన – మనోవికాసం’ అని వేసినారు. అంత పెద్ద మాటకు నేను సరిపోను. నేను రాసింది ఒక కథల పుస్తకం, అదీ సన్నది. అయినా ఎందుకు ఒప్పుకున్నానంటే, ఆ పుస్తకం ఈ బడిలోనే, తొమ్మిదో తరగతి ‘బి’ సెక్షన్ గదిలో మొదలైంది. దాన్ని గురించి ఎక్కడైనా చెప్పవలసి వస్తే ఇక్కడే చెప్పాల.

నేను ఈ బడిలో 1975లో పది పాసైనాను. ఈ సంఘం పెట్టింది కూడా ఆ ఏడే. మా ఊరు ఇక్కడికి నాలుగు కిలోమీటర్లు. నేనూ, నాకంటే రెండేండ్లు చిన్నవాడైన మా తమ్ముడూ కలిసి నడిచి వస్తాంటిమి. సంగటి ముద్ద, ఊరుబిండి కట్టిచ్చేది మా అమ్మ. సగం దారిలోనే వాడు మూట విప్పేవాడు. మధ్యాహ్నానికి నా ముద్దలో సగం వాడికి.

చదువులో వాడు నాకంటే చురుకు. లెక్కలు నోటితోనే చేసేవాడు. డ్రిల్లు మాస్టారు నడిచినట్టు నడిచి చూపిస్తే తరగతి తరగతంతా పడి పడి నవ్వేది. నవ్వని వాడొక్కడే ఉండేవాడు, వెనక వాకిట్లో నిలబడి చూస్తాన్న డ్రిల్లు మాస్టారు. ఈ సంగతి తెలిసినవాళ్లు ఈ సభలో నలుగురైదుగురు ఉండారు, నవ్వుతాండారు కూడా.

వాడు ఎనిమిదిలో ఉండగా వరసగా వానలు లేక ఇద్దరిని చదివించే శక్తి మా నాయనకు లేకపోయింది. ఒకడు మడక పట్టాల, ఒకడు చదవాల. పెద్దవాడు ఇంకొక్క ఏడాదైతే పది అయిపోతాడు, వాణ్ణి కానియ్యి అన్నారు. అంతే. దాని మీద ఇంట్లో పెద్ద చర్చ ఏమీ జరగలేదు. ఒకరోజు నేనొక్కణ్ణే బడికి వచ్చినాను.

నేను ఓరియంటల్ కాలేజీలో చదివి, పండిత శిక్షణ పూర్తి చేసి, 1982లో తెలుగు అయ్యవారినైనాను. పన్నెండేండ్లు ఊర్లూర్లు తిరిగి 1994లో నేను చదివిన బడికే బదిలీ మీద వచ్చినాను. అప్పటికి నా జేబులో రెండు పెన్నులు. ఒకటి నీలిది, ఒకటి ఎర్రది. నీలిది హాజరు పట్టీకి, జీతం బిల్లులో సంతకానికి. ఎర్రది పిల్లలకు.

ఎర్ర సిరాతో నేనేం చేసినానో చెప్పాల. ఒక పాప ‘మా ఎనుము ఈనింది’ అని రాస్తే ‘ఎనుము’ కొట్టేసి ‘గేదె’ అని రాసినాను. ఆ పాప పుట్టి బుద్ధెరిగి ఎప్పుడూ గేదెను చూడలేదు, వాళ్లింట్లో ఉన్నది ఎనుమే. ‘శెనక్కాయ’ కొట్టేసి ‘వేరుశనగ’, ‘శానా’ కొట్టేసి ‘చాలా’, ‘ఇంగ’ కొట్టేసి ‘ఇక’. నేను ఈ బడిలో చదివేటప్పుడు నా నోటుబుక్కులో కూడా ఇట్లే కొట్టేసినారు. కొట్టేసినాయనను తప్పుపట్టను. పరీక్షలో మార్కులు పోతాయని ఆయన భయం. ఆ భయమే నాకూ వచ్చింది. పన్నెండేండ్లు ఒక చోట, పదేండ్లు ఒక చోట, లెక్కేస్తే ఎన్ని వేల మాటలు కొట్టేసి ఉంటానో!

ఇంక 2004 దగ్గరికి వస్తాను.

మన జిల్లా సంగతి మీకు నేను చెప్పేదేముంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. అది కూడా కాగితం మీద సగటు. నైరుతి రుతుపవనం పడమటి కనుమలకు ఉన్న తడంతా ఇచ్చేసి ఉత్త గాలిగా మన దగ్గరికి వస్తుంది. ఈశాన్యం తూర్పు తీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి అలిసిపోతుంది. ఎర్రనేలలో శెనక్కాయ వేసి, ఊడలు దిగే కాలానికి ఒక్క వాన కోసం మెడలెత్తి చూడడం మనకు తరాల నుంచి అలవాటు. ఆ ఒక్క వాన తప్పితే చెట్టు పచ్చగానే ఉంటుంది, పెరికితే కింద కాయ ఉండదు. 2002, 2003 సంవత్సరాలలో అదీ లేదు.

మా తమ్ముడు మూడు బోర్లు వేసినాడు. మొదటిది రెండేండ్లు పోసింది. రెండోది ఆరు నెలలు. మూడోదాంట్లో పడనేలేదు. 2004 జూన్‌లో, బడులు తెరిచిన వారంలో, నా దగ్గరికి వచ్చినాడు. ముప్పై వేలు కావాల, నాలుగో బోరుకు.

“అన్నా, ఈసారి పాయింటు చూసినాయప్ప గ్యారంటీ అంటాండాడు. అరచేతిలో టెంకాయ నిటారుగా లేచి నిలబడింది, నేను కండ్లతో చూసినా” అన్నాడు.

స్టాఫ్‌రూమ్‌లో ఉన్నాము. పక్కన మరో ఇద్దరు అయ్యవార్లు ఉన్నారు. నేను అన్నాను: “నీళ్లు టెంకాయలో ఉండాయి లేరా, భూమిలో కాదు.”

ఇద్దరు అయ్యవార్లూ నవ్వినారు. నా తమ్ముడూ నవ్వినాడు. నాకు కూడా ఆ మాట బాగుందనిపించింది. తెలుగు అయ్యవారికి మాట బాగా కుదిరితే వచ్చే సంతోషం ఉంటుంది చూడండి, అది వచ్చింది. డబ్బు ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే ఆ బోరులో నీళ్లు పడేవని కాదు. పడలేదు కూడా. వాడు మూడు రూపాయల వడ్డీకి తెచ్చి వేసినాడు. నాలుగు వందల ఇరవై అడుగుల దాకా పోయినా దుమ్మే లేచింది. ఆగస్టులో వాడు పోయినాడు. ఎట్లా పోయినాడో చెప్పను. ఆ ఏండ్లలో మన పల్లెల్లో అట్లా పోయినవాళ్లు ఎందరో, మీ వీధిలో ఒకరైనా ఉంటారు.

తమ్ముడి మీద నేను రాసిన మొట్టమొదటి రచన ఏదో తెలుసా? అర్జీ. ఆ ఏడాది జూన్‌లోనే ప్రభుత్వం 421 నంబరు జీవో ఇచ్చింది. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి ఒక లక్ష, అప్పుల పరిష్కారానికి యాభై వేలు. మా మరదలికి చదువు రాదు. అర్జీ నేను రాయాల. ‘పై విషయమును తమరు దయతో పరిశీలించి…’ అని, పట్టాదారు పాసుపుస్తకం నకలు, అప్పు పత్రాల నకళ్లు, సాక్షుల సంతకాలు జతపరిచి రాసినాను. వయస్సు 43 సంవత్సరములు. వృత్తి వ్యవసాయము. ఒక్క అక్షరదోషం లేదు. రాసి మళ్లీ చదువుకుంటే అందులో ఉన్నదంతా నిజమే, వాడు మాత్రం లేడు. డ్రిల్లు మాస్టారు నడక నడిచినవాడు, నా సంగటి ముద్దలో సగం తిన్నవాడు అందులో లేడు.

ఆ తరువాత నేను బడికి వచ్చినాను గానీ పాఠం చెప్పలేదనే చెప్పాల. పిల్లలతో చదివించి, ప్రశ్నలు జవాబులు రాయించి, బెల్లు కోసం చూసేవాణ్ణి. రాత్రిళ్లు నిద్ర లేదు. బీపీ అని డాక్టరు మాత్ర రాసినాడు. ఇంట్లో తమ్ముడి మాట ఎవరూ ఎత్తరు. మరదలు పండగకు వచ్చినా వాడి మాట ఎత్తదు. నేనూ ఎత్తను. అందరం ఒకరినొకరం కాపాడుకుంటున్నాం అనుకుంటిమి.

నవంబరులో తొమ్మిది ‘బి’ కి వ్యాసం ఇచ్చినాను. ‘మా ఊరిలో వర్షాకాలం’. నలభై నోటుబుక్కుల్లో ముప్పై ఎనిమిది గైడులోంచి దించినవే. చెరువులు నిండును, కప్పలు బెకబెకలాడును, రైతుల ముఖములు ఆనందముతో వికసించును. ఈ పిల్లల్లో చెరువు నిండడం చూసినవాళ్లు ఒక్కరు కూడా లేరు. నేను ఎర్ర పెన్నుతో టిక్కులు పెట్టుకుంటా పోతాండాను. ఒక పాప పుస్తకంలో అయిదే వాక్యాలున్నాయి. నాకు నోటికి వచ్చు:

‘మా ఊర్లో వాన రాలేదు. మా నాయన దినామూ సందేళ అరుగు మీద కూచోని మోడం దిక్కు చూస్తాడు. మాతో మాట్లాడడు. మేమూ మాట్లాడము. మా అవ్వ ఒక్కతే వాన్ని బాగా తిడుతుంది.’

‘మోడం’ మీదికి పెన్ను పోయింది. ‘మేఘం’ అని రాయాల. రాయలేకపోయినాను. ఆ మాట నేను ఆఖరుగా విన్నది నా తమ్ముడి నోట్లో. “పడమర మోడం పట్టిందన్నా, ఈ రాత్రికి వస్తుంది” అన్నాడు ఫోనులో. రాలేదు. ఆ పాప పుస్తకం అట్లే పట్టుకొని చాలాసేపు కూర్చున్నాను. పిల్లలు గట్టిగా అల్లరి చేస్తాంటే పక్క గది టీచరమ్మ వచ్చి చూసి, ఏమీ అనకుండా పోయింది.

మరుసటి వారం నుంచి ఒక పని పెట్టినాను. శుక్రవారం ఆఖరు పిరియడ్‌లో పదిహేను నిమిషాలు రాయడం. విషయం ఏదైనా సరే, కానీ గైడులో ఉండకూడదు, నిన్నో మొన్నో మీరు చూసిందై ఉండాల. ఇంట్లో ఎట్లా మాట్లాడుతారో అట్లా రాయొచ్చు. నేను దిద్దను. ఇష్టముంటే చూపించొచ్చు, లేకుంటే లేదు. పిల్లలు మొదట నమ్మలేదు. ఒకడు లేచి, “సార్, అయితే మీరూ రాస్తారా?” అన్నాడు. ఎగతాళికే అన్నాడు. నేను కుర్చీలో కూర్చొని, హాజరు పట్టీ వెనక అట్ట మీద నీలి పెన్నుతో రాయడం మొదలుపెట్టినాను.

మొదట నేను రాసింది చూస్తే మీకు నవ్వొస్తుంది. ‘అనుజుని అకాల మరణము నా హృదయమును కలచివేసినది’. కన్నీటి ధారలు, శోకసముద్రాలు. అర్జీకి అన్న లాంటిది. నాలుగైదు వారాలు అట్లే రాసి చించినాను. రాసినందుకు మనసు తేలికైందా అంటే, కాలేదు. ఆ శుక్రవారం రాత్రిళ్లు నిద్ర ఇంకా తక్కువైంది. ఇది చెప్పకపోతే తప్పవుతుంది. రాస్తే బాధ పోతుందని చాలామంది సులభంగా అంటారు. అమెరికాలో జేమ్స్ పెనెబేకర్ అనే మనస్తత్వశాస్త్రజ్ఞుడు 1986లో ఒక పరిశోధన ప్రచురించినాడు. 46 మంది కాలేజీ పిల్లల్లో కొందరిచేత వరసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు, తమ జీవితంలో జరిగిన ఘోరమైన సంగతి రాయించినాడు. జరిగిన సంగతీ, దాన్ని గురించిన తమ మనసూ రెండూ కలిపి రాసినవాళ్లకు రాసిన వెంటనే దిగులు ఎక్కువైంది. కానీ తరువాతి ఆరు నెలల్లో వాళ్లు కాలేజీ ఆరోగ్యకేంద్రానికి పోవడం తగ్గింది. తరువాత ఎందరో ఆ పరిశోధన చేసి చూసినారు, మేలు ఉంది గానీ చిన్నదే అని తేలింది. నాకు ఇదంతా రిటైరైనాక మా అమ్మాయి చెప్పింది. పదిహేను నిమిషాలు అని నేను పెట్టింది మాత్రం ఆయన్ని చదివి కాదు. పిరియడ్‌లో మిగిలేది అంతే.

నాకు దారి చూపించింది మన జిల్లా అయ్యవార్లే. ఇప్పుడు కొంచెం పాఠం చెప్తాను, క్షమించండి.

రాప్తాడు దగ్గర బండమీదపల్లెలో 1943లో పుట్టిన సింగమనేని నారాయణ గారు తెలుగు అయ్యవారు. మనలాగే హాజరు తీసుకున్నాడు, పేపర్లు దిద్దినాడు, పదవీ విరమణ చేసినాడు. 2021 ఫిబ్రవరిలో పోయినాడు. ఆయన కథల పుస్తకం ‘జూదం’ పేరు నేను ఎప్పుడో విని ఉంటిని, చదవలేదు. 2005లో అనంతపురంలో పుస్తకాల అంగడిలో నిలబడి తిరగేసినాను. తెలుగు పండితుడు రాసిన పుస్తకంలో నేను కొట్టేసే మాటలన్నీ దర్జాగా కూర్చొని ఉండాయి. ఆయన సంపాదకత్వంలో వచ్చిన ‘సీమ కథలు’ కూడా కొన్నాను. బస్సు దిగేదాకా చదివి, దిగవలసిన చోట దిగలేదు.

ఆ తరువాత వరసగా వెతుక్కున్నాను. అనంతపురంలోనే బడిపంతులుగా పనిచేసిన బండి నారాయణస్వామి గారి కథ పేరు ‘వాన రాలే’. మా తొమ్మిది ‘బి’ పాప మొదటి వాక్యం, ఇంచుమించు! ఆయనే తరువాత హండే పాలకుల కాలం తీసుకొని ‘శప్తభూమి’ నవల రాసినాడు, 2019లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. పిల్లలకు తెలుగు చెప్పిన శాంతి నారాయణ గారు ‘నాగలకట్ట సుద్దులు’ అని ఏకంగా దినపత్రికలోనే మన యాసలో శీర్షిక నడిపినాడు. వీళ్లందరికంటే ముందు తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం గారి ‘పెన్నేటి పాట’ 1956 లోనే ఉంది. ఆయన అయ్యవారు కాదు, పత్రికల మనిషి. అది నేను విద్వాన్ పరీక్షకు చదివేటప్పుడే చదివినాను, చందస్సు చూసినాను. రంగణ్ణి, గంగమ్మను చూడలేదు.

మన కరువు నేలలో కథలు రాసినవాళ్లలో ఇంతమంది అయ్యవార్లు ఎందుకుండారని ఆలోచించినాను. అయ్యవారికి చదువు, తీరిక ఉంటాయి, అది అందరూ అనేదే. నాకు ఇంకొకటి తోస్తుంది, ఇది నా ఊహే. కరువు వచ్చిన ఊర్లో ఒకటో తారీఖు జీతం వచ్చేది అయ్యవారి ఇంటికే. వాన వచ్చినా రాకపోయినా వస్తుంది. అదే మనిషి చేతిలో హాజరు పట్టీ ఉంటుంది. శెనక్కాయ పోయిన ఏడాది దీపావళి దాటినాక ఏ పేరు పక్కన వరసగా సున్నాలు పడుతాయో, ఏ ఇంటికి తాళం వేసి బెంగళూరు పోయినారో అతనికి మండలాఫీసు కంటే ముందు తెలుస్తుంది. తాను మాత్రం తడవకుండా, ఎండకుండా ఉంటాడు. తన అన్నదమ్ములే ఎండుతాంటారు. ఈ రెండూ ఒకే జేబులో పెట్టుకొని తిరగడం సులభం కాదు. సింగమనేని గారి మనసులో ఏముండిందో నాకు తెలియదు. నా జేబులో ఉండింది ఇదే.

ఇంక నా కథకు వస్తా. ఆ పుస్తకాలు చదివినాక అనుజుడు పోయి తమ్ముడు వచ్చినాడు. ‘మా తమ్ముడు దుక్కిలో చెయ్యి పెట్టి మణికట్టు దాకా లోపలికి దూర్చేవాడు. పదును ఎంత లోతు దిగిందో మణికట్టు చెప్పేది.’ ఇది నేను నిలబెట్టుకున్న మొదటి వాక్యం. ఇది రాసిన రాత్రి చానా రోజుల తరువాత నిద్రపోయినాను. ఎందుకో చెప్పలేను. అప్పటిదాకా కండ్లు మూసుకుంటే వాడి ఆఖరు రోజే కనపడేది. ఆ రోజు వాడి చెయ్యి కనపడింది, గోర్లలో ఎర్రమన్నుతో సహా.

మూడేండ్లు రాసినాను. బోరుబండి వచ్చిన రాత్రి ఊరంతా చుట్టూ చేరి కూర్చోవడం, గుండ్రాయి తగిలిన చప్పుడు వేరు, మెత్తరాయి తగిలిన చప్పుడు వేరు అని వాడు నాకు చెప్పడం, దుమ్ము లేస్తాంటే వాడు అంగీ విప్పి తల తుడుచుకోవడం. అన్నీ రాసినాను. టెంకాయ మాట ఒక్కటి రాయలేదు. దాన్ని దాటేసినాను. కథలో అన్న “చూద్దాంలేరా” అంటాడు. అట్లే ఒక చిన్న పత్రికకు పంపితే 2008లో అచ్చు వేసినారు.

పత్రిక తీసుకొని మరదలి దగ్గరికి పోయినాను. మా తమ్ముడి కూతురు అప్పటికి ఇంటరు చదువుతాండాది. అది చదువుతాంటే మరదలు వాకిట్లో కూర్చొని శెనక్కాయలు ఒలుస్తా వినింది. అయిపోయినాక చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత అనింది: “ఆ రాత్రి ఆయప్ప తెల్లంగీ కాదు బావా, గళ్లంగీ. మీరు దసరాకు పెట్టిందే.”

నాలుగేండ్లలో వాడి గురించి ఆమె నాతో అన్న మొదటి మాట అది. నేను అంగీ రంగు తప్పు రాసినందుకు వచ్చింది! అక్కణ్ణుంచి ఆగలేదు. గళ్లంగీ చినిగితే కుట్టుకున్న సంగతి, బోరు వేసిన రాత్రి బువ్వ తినని సంగతి, పెండ్లైన కొత్తలో కదిరి తిరునాళ్లకు పోయి తప్పిపోయిన సంగతి. కూతురు అవేవీ అంతకుముందు వినలేదు. రాత్రి పదకొండు దాకా ముగ్గురం వాడి మాటలే మాట్లాడుకున్నాము. మధ్యలో డ్రిల్లు మాస్టారు నడక వచ్చినప్పుడు నవ్వినాము కూడా.

ఆ రాత్రి నేను టెంకాయ సంగతి చెప్పినాను. కథలో రాయలేదని కూడా చెప్పినాను.

“అది నాకు తెలుసు బావా” అనింది. “ఆ పొద్దు ఇంటికొచ్చి చెప్పినాడు. దుడ్లు ఇయ్యలేదు గానీ, మాయన్న ఎంత మాటన్నాడో చూడు, నీళ్లు టెంకాయలో ఉండాయంట అని నవ్వినాడు. మాయన్న శానా మాటకారి అన్నాడు.”

ఆ నవ్వులో ఏముండిందో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. తేలుతుందని రాయడం కూడా లేదు. పుస్తకం వేసేటప్పుడు మాత్రం ఆ కథను మళ్లీ రాసినాను. టెంకాయ మాట పెట్టినాను, స్టాఫ్‌రూమ్‌లో నవ్విన నవ్వులు పెట్టినాను. గళ్లంగీ పెట్టినాను.

రాయడం వల్ల నాకు జరిగిన మేలు ఏందని అడిగితే నేను చెప్పగలిగింది ఇంతే. బీపీ మాత్ర ఇప్పటికీ వేసుకుంటాండాను. వాడి అప్పు రాతతో తీరలేదు, జీతంతో తీర్చినాను, నాలుగేండ్లు పట్టింది. కూతురు చదువు నేనూ మా ఆవిడా చూసినాము. ఆమె ఇప్పుడు నర్సు. కథ వేరే పని చేసింది. మా ఇంట్లో వాడి పేరు మళ్లీ పలికేటట్టు చేసింది.

ఇక్కడ కూర్చున్న టీచర్లకు ఒకటి చెప్పాల, ముఖ్యంగా చిన్నవాళ్లకు. శుక్రవారం రాత అని నేను చెప్పింది విని రేపే మొదలుపెట్టి, ‘మీ ఇంట్లో బాధలు రాయండి’ అని మాత్రం అడగొద్దండి. పిల్లలకు అది పరీక్ష కంటే కష్టం. మా తొమ్మిది ‘బి’ లో ఒక పిల్లవాడు పదిహేను నిమిషాలూ రాసి, కాగితం చించి, ముక్కలు జేబులో వేసుకున్నాడు. ప్రతి వారమూ అంతే. నేను అడగలేదు. సంవత్సరం ఆఖర్లో వాడు రాసింది చూపించినాడు. వాళ్ల గొర్రెపిల్లకు పేరు పెట్టిన సంగతి. అంతకుముందు చించినవాటిలో ఏముండిందో వాడికే తెలుసు. వాడు చించుకునే హక్కు కాపాడడమే ఆ పిరియడ్‌లో నేను చేసిన మంచి పని అనుకుంటాను. ఎవరైనా పిల్లలు మరీ కుంగిపోయినట్టు కనపడితే నోటుబుక్కు చాలదు. ఇంటికి పోవాల, పెద్దవాళ్లతో మాట్లాడాల, డాక్టరు దగ్గరికి పంపాల. ఆ జూన్‌లో నా తమ్ముడు స్టాఫ్‌రూమ్‌కు వచ్చినప్పుడు వాడి ముఖంలో చూడవలసింది నేను చూడలేదు. మాట బాగా కుదిరిందా లేదా అని చూసుకున్నాను.

పరీక్ష సంగతి అడుగుతారు కదా. పరీక్షలో ‘గేదె’ అనే రాయమని చెప్పినాను. ‘ఎనుము’ను కొట్టేయడం మానేసి, పక్కన ‘గేదె’ అని నీలి సిరాతో రాసినాను. రెండూ ఉంటాయి, ఎక్కడ ఏది రాయాలో వాళ్లకు తెలుసు, పిల్లలు మనకంటే తెలివైనవాళ్లు. ‘మోడం’ రాసిన పాపకు ఆ ఏడాది తెలుగులో మంచి మార్కులే వచ్చినాయి. తరువాత వాళ్లు కూడా బెంగళూరు పోయినారు. పదో తరగతి హాజరు పట్టీలో ఆ పేరు లేదు.

ఆ పేరు చెప్పినాక ఆఖరి మాటకు వస్తాను, కార్యదర్శి గారు గడియారం చూస్తాండారు.

ఈ స్వర్ణోత్సవ సంచికలో వెనక పేజీల్లో అచ్చు వేయబోయే పూర్వ విద్యార్థుల జాబితా నిన్న చూసినాను. బ్యాచ్‌ల వారీగా, చాలా శ్రమపడి తయారు చేసినారు. డాక్టర్లు, ఇంజనీర్లు, అయ్యవార్లు, మిలిటరీలో చేసినవాళ్లు అందరూ ఉండారు. 1975 బ్యాచ్‌లో నేనున్నాను. 1977 బ్యాచ్‌లో నా తమ్ముడు లేడు. ఉండడు, ఎందుకంటే జాబితా పది పాసైన రికార్డు చూసి రాసింది. వాడు ఎనిమిదిలో మానేసినాడు. ‘మోడం’ రాసిన పాప కూడా ఉండదు. కరువు ఏండ్లలో టీసీ కూడా తీసుకోకుండా పోయినవాళ్లు ఒక్కరు కూడా ఉండరు. మన బడి అడ్మిషన్ రిజిస్టర్లలో మాత్రం వాళ్లందరి పేర్లూ ఉండాయి. తండ్రి పేరు, ఊరు, పుట్టిన తేదీతో సహా. టీసీ తీసుకోలేదంటే లెక్క ప్రకారం వాళ్లు ఇంకా మన బడి పిల్లలే.

సంచిక అచ్చుకు పోవడానికి ఇంకా ఇరవై రోజులుందని విన్నాను. పేజీలు పెరుగుతాయి, ఖర్చు పెరుగుతుంది, ఆ ఖర్చులో నా వంతు నేను ఇస్తాను. రాసే పని ఎవరికీ పెట్టను. రిజిస్టర్లు చెదలు పట్టకుండా ఉంటే నేనే కూర్చొని పేర్లు ఎత్తి రాస్తాను. 1974 నుంచి మొదలుపెడతాను. బీరువా తాళం ఎవరి దగ్గరుందో చెప్పితే చాలు.